మూడొందల పేజీల మల్లన్న

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో మల్లన్న పట్నం వేశారు. మా ఊరు వేములవాడ దగ్గర. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి పట్టుకొని ఒగ్గుపూజార్లు వాకిట్లో కూర్చుంటే, చూస్తుండగానే నేల మీద ఒక కోట లేచింది. రాత్రి కథ మొదలైంది. మేడలమ్మ, కేతమ్మ, మల్లన్న, మధ్యలో ఎవరో ఊరి పటేలు మీద ఒక జోకు, మళ్ళీ మల్లన్న. నేను రెండుసార్లు నిద్రపోయి రెండుసార్లు డోలు దెబ్బకు లేచాను. తెల్లారేసరికి ఆ పట్నాన్ని అందరూ తొక్కేశారు. అంత కష్టపడి వేసింది ఎందుకు చెరిపేశారని ఏడ్చానట. ఈ సంగతి మా అమ్మ ఇప్పటికీ మా పిల్లలకు చెప్పి నవ్వుతుంది.

ఆ రాత్రి కథ చెప్పిన తాత 2011లో పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, కారణం ముందుముందు తెలుస్తుంది. రెండేళ్ళ కింద ఒక ఆదివారం, ఆఫీసు పని మీద విసుగు పుట్టి, శోధగంగలో తెలుగు సిద్ధాంతగ్రంథాలు తిరగేస్తున్నాను (ఇదొక వ్యసనం, చాలామందికి ఉంటుందనే అనుకుంటున్నాను). కరీంనగర్ జిల్లా ఒగ్గుకథ మీద ఒక థీసిస్ కనబడింది. పాత డీటీపీ, వంకరగా స్కాన్ చేసిన 312 పేజీలు. చివర అనుబంధంలో సమాచారదాతల పట్టిక ఉంది. అందులో ఏడో వరుసలో మా ఊరి పేరు, వయసు 52, చదువు ‘నిరక్షరాస్యుడు’, వృత్తి ‘వ్యవసాయ కూలీ’. పేరు సగమే ఉంది, ఇంటిపేరు తప్పు.

రాత్రంతా ఊరిని కూర్చోబెట్టిన మనిషి వృత్తి వ్యవసాయ కూలీ. అబద్ధం కాదు, పగలు ఆయన కూలికి పోయేవాడే. కానీ ఆ థీసిస్ ఆయన దగ్గరికి వచ్చింది నాట్లు ఎలా వేస్తాడో తెలుసుకోవడానికి కాదు కదా.

ఏ విశ్వవిద్యాలయమో, ఎవరు రాశారో చెప్పను. నా గొడవ ఆ ఒక్క మనిషితో కాదు. న్యాయంగా చెప్పాలంటే అది చెడ్డ థీసిస్ కూడా కాదు. రాసినాయన పాతికకు పైగా ఊర్లు తిరిగాడు. అది 1990ల నడిమి కాలం, కరీంనగర్ పల్లెల్లో సాయంత్రం బస్సు దిగిన కొత్త మనిషిని పోలీసులూ అనుమానించేవాళ్ళు, అన్నలూ అనుమానించేవాళ్ళు. ఆ రోజుల్లో టేప్‌రికార్డర్ సంచిలో పెట్టుకొని తిరగడానికి గుండె కావాలి. కథాంశాల వర్గీకరణ శ్రద్ధగా చేశాడు. బీరప్ప కథకూ మల్లన్న కథకూ ఉన్న పోలికల మీద రాసిన ఇరవై పేజీలు నాకు నిజంగా పనికొచ్చాయి.

కానీ కథ పాఠం అచ్చువేసిన అధ్యాయానికి వచ్చేసరికి నాకు మా వాకిలి గుర్తుపట్టరాలేదు. తాత నోట ‘పోయిండు’ అన్న మాట కాగితం మీద ‘వెళ్ళెను’ అయింది. ‘గప్పుడు’ పోయి ‘అంతట’ వచ్చింది. ఒగ్గుకథ తెలిసినవాళ్ళకు తెలుసు, ప్రధాన కథకుడి పక్కన ఇంకొకడు ఉంటాడు. వంత పాడతాడు, ఊ కొడతాడు, అడ్డం వేస్తాడు, తెలియనట్టు నటించి ప్రశ్న వేస్తాడు. మనకు రావలసిన అనుమానం మన బదులు అతనే అడుగుతాడు. కథ సగం అతని ప్రశ్నల మీద నడుస్తుంది. థీసిస్‌లో అతను లేడు. డోళ్ళు లేవు. ‘ఒగ్గు’ అంటే శివుడి ఢమరుకమని వ్యుత్పత్తి మీద మూడు పేజీల చర్చ ఉంది కానీ, ఆ ఢమరుకం ఏ చోట మోగుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది ఒక్క వాక్యం కూడా లేదు. పటేలు మీద జోకు సరేసరి.

మా పనిలో ఇలాంటిదొకటి ఉంది. సర్వర్ రాత్రంతా నడుస్తుంది, పొద్దున మన చేతికి లాగ్ ఫైల్ వస్తుంది. లాగ్ చదివి ఏం జరిగిందో చాలావరకు చెప్పొచ్చు. కానీ లాగ్‌నే ప్రోగ్రామ్ అనుకున్నవాణ్ణి ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోరు.

ఇది ఆ స్కాలర్ తప్పని అనుకోను. మన దగ్గర జానపదం విశ్వవిద్యాలయం లోపలికి వచ్చిన దారే అలాంటిది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయసాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకోవడం 1950ల మాట. పల్లెపాట కూడా చదువుకోదగ్గదే అని పండితులతో ఒప్పించడమే అప్పటికి పెద్ద యుద్ధం. ఒప్పించాలంటే అది సాహిత్యమని చూపాలి. సాహిత్యమని చూపాలంటే పాఠం కావాలి, పాఠాంతరాలు కావాలి, ఛందస్సు కావాలి. ఆయన గెలిచాడు, ఆ గెలుపు లేకపోతే ఈ వ్యాసమూ లేదు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చినవాళ్ళు యుద్ధం అయిపోయిందని గమనించకపోవడం. తెలుగు శాఖలో సమర్పించే థీసిస్‌ను తెలుగు శాఖవాళ్ళే దిద్దుతారు, వైవాలో గ్రాంథిక రూపం గురించి అడుగుతారు. డోలు గురించి అడిగేవాడు ఆ గదిలో ఉండడు.

హన్మాజీపేట సంగతి చూడండి. వేములవాడ పక్క ఊరు, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. సి. నారాయణరెడ్డి అక్కడే 1931లో పుట్టాడు. చిన్నప్పుడు విన్న హరికథలు, జంగం కథలు, వీధిభాగోతాలు తనను కవిని చేశాయని చెప్పుకున్నాడు. ఉస్మానియాలో ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద థీసిస్ రాశాడు. తర్వాత జ్ఞానపీఠం వచ్చింది, తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కూడా అయ్యాడు. ఒగ్గుకథ పేరు చెబితే మా వైపు మొదట గుర్తొచ్చే మిద్దె రాములుదీ అదే హన్మాజీపేట. 2010లో పోయేదాకా ఆయన కథ చెబుతూనే ఉన్నాడు.

ఇద్దరూ ఒకే ఊరి రాత్రుల్లోంచి వచ్చినవాళ్ళు. ఒకాయన విన్నదాన్ని కాగితం మీదికి తెచ్చాడు కాబట్టి విశ్వవిద్యాలయం తలుపు తీసింది. రెండో ఆయన విన్నదాన్ని మళ్ళీ చెప్పాడు, అంటే ఇంకొకరి థీసిస్‌కు ముడిసరుకు అయ్యాడు. నాకు సినారె మీద ఫిర్యాదు లేదు, ఆయన పాటలు విని పెరిగినవాణ్ణే. కానీ ఈ రెంటిలో ఒకటి పరిశోధన, ఒకటి కాదు అని గీత గీసింది ఎవరు? ముప్పై ఏళ్ళు ఒకే కథను వేరువేరు ఊర్లలో, వేరువేరు జనం ముందు చెబుతూ, ఎక్కడ పెంచాలో ఎక్కడ తుంచాలో నేర్చుకోవడం ప్రయోగం కాకపోతే మరేమిటి?

బ్రిటన్‌లో ఈ ప్రశ్న 1990ల నుంచే గట్టిగా అడుగుతున్నారు. నాటకం వేయడమే పరిశోధన కావచ్చునా, ప్రదర్శనతో పాటు చిన్న వ్యాసం ఇస్తే డాక్టరేటు ఇవ్వొచ్చునా అని. 2001లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం దీనికోసమే ఐదేళ్ళ ప్రాజెక్టు ఒకటి పెట్టుకుంది. ఇప్పుడు అక్కడ నటులు, నాట్యకారులు తమ పని చూపించి పీహెచ్‌డీలు తీసుకోవడం మామూలైపోయింది. అందులోనూ డొల్ల ఉంది. గంటసేపు చీకట్లో నిలబడి దానికి వంద పేజీల సిద్ధాంతం తగిలించేవాళ్ళ గురించి అక్కడివాళ్ళే వెక్కిరిస్తుంటారు. అయినా తలుపైతే తీశారు. ఆ తలుపులోంచి మిద్దె రాములు లాంటి మనిషి వచ్చి ఉంటే ఎలా ఉండేదని నేను అప్పుడప్పుడూ ఊహించుకుంటాను. మన దగ్గరైతే ముందు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం దాకానే పోలిక చెల్లుతుంది. తాతకథకూ తండ్రికథకూ తొంభై శాతం కలిసే చోట అదెట్లా? నవ్వులాటకు అంటున్నాను కానీ ఆ నిబంధన వెనక ఒక నమ్మకం ఉంది: కొత్తగా చెప్పిందే జ్ఞానం, నిలబెట్టింది కాదు.

మ్యూజియాల సంగతి ఎక్కువ చెప్పను. చెర్యాల పటాలు మీరూ చూసే ఉంటారు. సిరిసిల్ల, కరీంనగర్ వైపు పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేది ఆ పటం విప్పుతూనే. అడుగులకొద్దీ పొడుగు, ఒక్కో బొమ్మ దగ్గర కర్ర పెట్టి కథ చెబుతూ కిందికి విప్పుకుంటూ పోతారు. అమెరికాలో బర్క్లీలో ఈ పటాల మీద డాక్టరేటు కూడా జరిగింది. మ్యూజియంలో మాత్రం అద్దం వెనక రెండు మూడు గడులు పరిచి, మిగతాది చుట్టేసి పెడతారు. కథ మధ్యలో మూగబోయి ఉంటుంది. అది చూసి ‘ఎంత బాగా వేశారో’ అనుకుంటూ పక్క గదిలోకి వెళ్ళిపోతాం.

అసలు నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆదిలాబాదు.

అక్కడ పరిశోధన కథ ఒక తుపాకీ మోతతో మొదలవుతుంది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీంను నిజాం పోలీసులు చంపారు. అసలు ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం సర్కారుకు వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నది ఆ తర్వాతే. గోండీ నేర్చుకున్నాడు. 1943లో మార్లవాయిలోనే గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. 1948లో రాజ్‌గోండుల పురాణాలు, కర్మకాండల మీద ఆయన పుస్తకం లండన్‌లో అచ్చయింది.

ఆ పుస్తకం నేను రెండుసార్లు చదివాను. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగలుగా గోండులు ఎలా విడిపోయారో, ఆ వంశగాథలను ప్రధానులు ఎలా నిలుపుకున్నారో అంత ఓపికగా చెప్పిన పుస్తకం నాకు తెలిసి ఇంకోటి లేదు. ప్రధానులంటే గోండుల కథకులు, చేతిలో కిక్రీ అనే తీగవాద్యంతో రాత్రుళ్ళు గాథ పాడేవాళ్ళు. అంటే మా ఒగ్గువాళ్ళకు వరసకు అన్నదమ్ముల లాంటివాళ్ళు. కానీ పుస్తకంలో ఆ గాథలు నీటుగా ఇస్త్రీ చేసిన ఇంగ్లీషు వచనంలో ఉంటాయి. మా థీసిస్‌లో ‘వెళ్ళెను’ వచ్చినట్టే. రాగం లేదు, కిక్రీ లేదు. ఇదంతా సర్కారీ పనితో ముడిపడిందన్న సంగతి కూడా మర్చిపోకూడదు. ఇక్కడివాళ్ళను అర్థం చేసుకోవడమూ, ఏలడమూ అప్పుడు పక్కపక్కనే నడిచాయి.

అయినా మార్లవాయివాళ్ళు ఆయన్ని వదులుకోలేదు. ఆయన భార్య బెట్టీ సమాధి, ఆయన సమాధి అక్కడే ఉన్నాయి, ఏటా స్మరించుకుంటారు. ఎందుకు? పుస్తకం గొప్పదని కాదు, అది చదివినవాళ్ళు ఆ ఊర్లో ఎందరుంటారు? పట్టాలు ఇప్పించాడని, బడి పెట్టించాడని. పరిశోధనలో ఊరికి తిరిగి వచ్చిన భాగం అదే. మిగతాది, ఆయన తీసిన వేల ఫోటోలతో సహా, లండన్‌లో సోయాస్ దగ్గర ఉంది.

అదే మార్లవాయిలో కనకరాజు పుట్టాడు. గుస్సాడీ గురువు. దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని, దండారీ బృందంతో ఊరూరా తిరిగే ఆ ఆటను ముందు తరానికి నేర్పినవాడు. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబరులో పోయాడు. జోడేఘాట్ మ్యూజియంలో గుస్సాడీ రూపాన్ని ఏ నెలలో వెళ్ళినా చూడొచ్చు. ఊర్లో మాత్రం ఆ టోపీ ఆ కొన్ని రోజులే తలకెక్కుతుంది. అప్పుడు అతను మామూలు మనిషి కాదు, దేవుడు ఆవహించినవాడు; స్నానం కూడా చేయడు. కొలబొడితో అంతా ముగుస్తుంది, టోపీ మళ్ళీ అటకెక్కుతుంది. మిగతా పదకొండు నెలలు కనబడకపోవడం కూడా ఆ ఆటలో భాగమే. ఇది ఏ మ్యూజియమూ చూపలేదు. వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు, జనవరిలో వచ్చిన బడిపిల్లలకు ఖాళీ గోడ చూపిస్తే మాస్టార్లు ఊరుకుంటారా?

ఇక గుంజాల. నార్నూరు మండలంలో చిన్న ఊరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఉంది. జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో ఆ కేంద్రంవాళ్ళు 2006 ప్రాంతంలో ఇక్కడ గోండీ రాతప్రతులు చూశారు. అదీ దేవనాగరి కాదు, తెలుగు కాదు, వేరే లిపి. కొన్ని ప్రతులు 1750 నాటివని పరిశోధకుల అంచనా. ఆ లిపి చదవగలిగినవాళ్ళు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, అందరూ ముసలివాళ్ళు.

ఇక్కడిదాకా మామూలు కథే. ప్రతులు జిరాక్సు తీసి, ఒక థీసిస్ రాసి, ఒక సదస్సు పెట్టి ఉంటే అక్కడితో అయిపోయేది. వీళ్ళు ఆ ముసలివాళ్ళనే కూర్చోబెట్టి వాచకం తయారుచేశారు. ఊర్లోనే పిల్లలకు నేర్పించే ఏర్పాటు చూశారు. అక్షరాలకు ఫాంట్ చేయించారు. అన్షుమన్ పాండే ప్రతిపాదన రాస్తే, 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో ‘గుంజాల గోండీ’ పేరుతో ఆ లిపి చేరింది. 80 గడుల బ్లాకు, అందులో 63 నిండాయి. గూగుల్ నోటో ఫాంట్ కూడా ఉంది. ‘నోటో’ అంటే ఏమిటో మావాళ్ళకు తెలుసు: ఫాంట్ లేనప్పుడు తెర మీద వచ్చే ఖాళీ డబ్బాలను ‘టోఫు’ అంటారు, అవి ఇక ఉండకూడదని ఆ పేరు. ఒక ఊరి పేరు ప్రపంచంలోని ప్రతి కంప్యూటరు తెలుసుకోవాల్సిన ప్రమాణంలో ఉండటం, అదీ ఆదిలాబాదు జిల్లాలో ఒక మండలంలోని పల్లె! ఆ చార్టు మొదటిసారి తెరిచినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. పనిలో రోజూ యూనికోడ్‌తో తన్నులాడేవాణ్ణి, అలాంటి భావం ఎప్పుడూ కలగలేదు.

వెంటనే పాత ఫోన్లో పరీక్షించాను. అన్నీ డబ్బాలే. అది కూడా చెప్పాలి. చార్టులో చోటు రావడం ఒకటి, గోండు కుర్రాడు వాట్సాప్‌లో అన్నకు ఆ లిపిలో సందేశం పెట్టగలగడం ఇంకొకటి. కీబోర్డు కావాలి, ఫోన్లో ఫాంట్ ముందే ఉండాలి, బడిలో పంతులు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా అవతలివాడు చదవగలగాలి. పైగా లిపి వచ్చినంత మాత్రాన గాథ రాదు. కిక్రీకి కోడ్‌పాయింట్ లేదు. అయినా విశ్వవిద్యాలయ పరిశోధన అనగానే నేను గుంజాలనే ముందు పెడతాను. సమాచారదాత అక్కడ పంతులయ్యాడు. ఆయన పేరు అనుబంధంలో ఏడో వరుసలో ఆగిపోలేదు.

మళ్ళీ మా ఊరికి వస్తాను. ఆ థీసిస్ ప్రింటు తీసి, బైండింగ్ చేయించి, తాత కొడుక్కి ఇద్దామనుకున్నాను. ఆయన పదహారేళ్ళుగా దుబాయిలో ఉన్నాడు, మా వైపు సగం ఇళ్ళ లాగే. ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన పుస్తకం గురించి ఏమీ అడగలేదు. “బాపు గొంతు ఉన్నదా తమ్మీ అండ్ల?” అన్నాడు. తాత ఫోటోలు వాళ్ళ దగ్గర రెండున్నాయి, గొంతు ఒక్కటీ లేదు. పెళ్ళిళ్ళ వీడియో క్యాసెట్లలో కూడా పాటలు తగిలించి గొంతులు తీసేశారు.

థీసిస్ ముందుమాటలో క్యాసెట్లను శాఖకు అప్పగించినట్టు ఉంది. ఆ శాఖకు మూడు మెయిళ్ళు రాశాను, ఒకసారి సెలవు పెట్టి పోయాను. అక్కడి అటెండర్ మంచివాడు, స్టోర్‌రూమ్ తాళం తీసి “మీరే చూసుకోండి సార్” అన్నాడు. విరిగిన కుర్చీలు, పాత ప్రశ్నపత్రాలు, ఒక హార్మోనియం, అడుగున చెప్పుల డబ్బాలో పదకొండు క్యాసెట్లు. నాలుగింటికి బూజు పట్టింది. ఒకదాని మీద మా ఊరి పేరు బాల్‌పెన్నుతో రాసి ఉంది.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర నాలుగు షాపులు తిరిగితే ఐదో ఆయన టేప్‌డెక్ ఉందన్నాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. మొదట గాలి, ఎవరో దగ్గు, పసిపిల్ల ఏడుపు. తర్వాత డోలు, దాని మీదుగా తాత గొంతు, నేను మర్చిపోయాననుకున్న గొంతు. పక్కనుంచి ఇంకొకరు అడ్డం వేస్తున్నారు, నవ్వులు. ఒక ఆరేడు నిమిషాలు. అప్పుడు మైకుకు దగ్గరగా, చదువుకున్న గొంతు, చాలా మర్యాదగా: “దయచేసి ఆ డోలు కాసేపు ఆపిస్తారా, మాటలు సరిగా పడటం లేదు.”

డోలు ఆగింది. తాత ఇంకో నలభై నిమిషాలు కథ చెప్పాడు. చెప్పడం కూడా కాదు, అప్పజెప్పాడు. అడ్డం వేసే గొంతు మళ్ళీ వినబడలేదు. 312 పేజీలలో ఉన్నది ఈ నలభై నిమిషాలే.

నేనూ ఏం తక్కువ తిన్నాను? ఇన్నేళ్ళలో ఊర్లో కనీసం పదిసార్లు కథలు ఫోన్లో రికార్డు చేశాను. అన్నీ నా డ్రైవ్‌లో తేదీల వారీగా పడి ఉన్నాయి. చెప్పినవాళ్ళలో ఒక్కరికీ పంపలేదు. ఆ రాత్రి కూర్చొని ఎవరివి వాళ్ళకు పంపడం మొదలుపెట్టాను, ఇద్దరు అప్పటికే లేరు.

క్యాసెట్ మొత్తం ఫైలు చేసి దుబాయికి పంపాను, మొదటి ఆరేడు నిమిషాలు విడిగా కూడా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున పదకొండు సెకండ్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఏదో మిషన్ మోత.

“ఇన్న తమ్మీ. ఆ డోలు కొట్టేది మా చిన్నబాపు. ఆయినె పేరు రాసిన్రా పుస్తకంల?”